ఆపకూడని కారు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన ఆ రోజు తెల్లవారగానే వేసుకున్నది చాలా సాదా పథకం. కారు స్టార్ట్ చేయాలి. భార్యను ఎక్కించుకుని ఊరి అవతల ఉన్న ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నంలోగా ఆమె పనిచేసే ఎక్స్‌రే సెంటరుకు తిరిగి చేర్చాలి, ఎందుకంటే అక్కడ ఒక్క పూటకే సెలవిచ్చారు, అదీ సణుగుతూ ఇచ్చారు. ఈ మధ్యలో ఎక్కడా ఇంజను ఆపకూడదు. ఈ చివరి ముక్క మాత్రం భార్యకు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఒకరు వాడేసిన కారు, అందులోనూ డీజిలు కారు, మనకొద్దని ఆమె మొత్తుకుంది. వినకుండా వెళ్ళి పశువుల డాక్టరు దగ్గర కొన్నాడు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి కళ్ళు మూసుకుని కొన్నాడని అనడానికి వీల్లేదు. లోపం తెలిసే కొన్నాడు. డాక్టరు బానెట్‌ని ఆప్యాయంగా నిమురుతూ, "దాచడం దేనికండీ, వేడెక్కాక ఆపితే పూర్తిగా చల్లారేదాకా మళ్ళీ లేవదు," అన్నాడు. లోపం తనంతట తానే చెప్పుకునే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడని ఈయన మనసు కరిగిపోయింది. "ఇంకో సంగతి కూడా..." అని డాక్టరు అనబోతుంటే, ఇక చాలండీ, మీలాంటి వాళ్ళను ఇంకా ప్రశ్నలడిగితే నాకు పాపం చుట్టుకుంటుంది అంటూ తాళాలు తీసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి బంగారంలాంటి బండి అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి అప్పటినుంచీ నానా తంటాలు పడుతున్నాడు. భార్య డ్రైవింగు నేర్చుకుంటానంటే ఊరి చివర మైదానానికి తీసుకెళ్ళాడు. ఆమె క్లచ్చి మీంచి ఠపీమని కాలు తీసేసేది, కారు ఒక్క ఎగురు ఎగిరి చచ్చి ఊరుకునేది. వేడెక్కిన బండి కాబట్టి ఇక లేచేది కాదు. నీ కాలి దెబ్బకు ఇంజను బెదిరిపోయింది, దానికి విశ్రాంతి కావాలి అని ఆమెనే తప్పుపట్టి ఇంటిదాకా నడిపించేవాడు. పాపం ఆమె నమ్మింది. అప్పటినుంచీ కారు ఎక్కినప్పుడల్లా కాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుంటోంది. అది చూసినప్పుడల్లా ఈయనకు సిగ్గేసేది. నిజం చెప్పేంత సిగ్గు మాత్రం కాదు.

పొద్దున్నపూట ఆ ఇంజను ఒక పట్టాన అందుకోదు. అందుకని ఇంట్లో ఇంకా ఎవరూ స్నానాలు చేయకముందే స్టార్ట్ చేశాడు. విచిత్రంగా మొదటిసారికే అందుకుంది. ఆనందం క్షణం కూడా నిలవలేదు. భార్య ఇంకా జడ వేసుకోలేదు, కారేమో మొదలైపోయింది. ఇక ఆపితే ఇంటర్వ్యూ పోయినట్టే. వీధిలో నిలబడి కారుకు కాపలా కాశాడు.

పైవాటా ముసలామె ఆరేసిన దుప్పట్లకు పొగ పట్టింది. ఆవిడ మెట్లు దిగి వచ్చి, ఆపుతావా, నన్ను ఆపమంటావా అని కారు తలుపు మీద చెయ్యి వేసింది. ఈయన అడ్డంగా నిలబడి, డీజిలు బండి బాగా మరిగితేనే ఆరోగ్యమని ఒక అబద్ధం ఆడాడు. "మరగడానికి అదేమన్నా కషాయమా బాబూ?" అంది ఆవిడ. ఆ దుప్పట్లన్నీ తానే ఉతికిస్తానని ఒప్పుకుంటే గానీ వదల్లేదు.

భార్య ఫైలు పట్టుకుని వచ్చి కూర్చుంది. ముఖం వెలవెలబోతోంది.

"ఏమండీ, అనుభవం ఉందా అని అడిగితే ఏం చెప్పమంటారు? మొండి పిల్లల్ని ఎలా దారికి తెస్తావంటే?"

"ధైర్యంగా చెప్పు," అన్నాడు ఆయన, తన కళ్ళు డీజిలు ముల్లు మీద పెట్టి. నిలబెట్టి ఇంజను తిప్పినందుకు ట్యాంకు అడుగంటింది.

బంకులో ఇంజను ఆపితేనే డీజిలు పోస్తామన్నారు. ఆపడానికి వీల్లేదని ఈయన, ఆపందే పైపు తీయనని బంకు మనిషి. వెనక నిలబడ్డ లారీలు హారన్లు మోగించాయి. ఆపకుండా పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాడంటే దొంగబండేమో అని ఎవరో పైకే అన్నారు. కారును వీధి మలుపు దాకా తీసుకెళ్ళి నిలబెట్టి, డిక్కీలోని ఖాళీ డబ్బా భార్య చేతికిచ్చాడు. తాను వదిలి వెళితే ఎవరైనా వచ్చి ఆపేస్తారేమోనని భయం. ఇస్త్రీ బట్టలతో, హ్యాండుబ్యాగుతో ఆమె డీజిలు మోసుకుని వచ్చింది.

"ఎందుకు ఆపరు?" అంది.

"కొత్తగా కొన్నాక నెలరోజులు ఆపకూడదన్నారు."

"రాత్రిళ్ళు ఆపుతున్నారుగా?"

ఆయన గేరు మార్చాడు. ఆమె చేతులు వాసన చూసుకుని, ఫైలుకు అంటకుండా వాటిని ఎత్తి పట్టుకుని కూర్చుంది. అరిచినా బాగుండేదని ఈయనకు దారంతా అనిపించింది.

హాస్టల్ ముందు రోడ్డు మీద బళ్ళు నిలపనివ్వరట. కాపలా మనిషి లోపలికి రమ్మని చోటు చూపించాడు. ఆమె ఫైలు సర్దుకుని మేడమెట్లు ఎక్కేసింది. సరిగ్గా తన నెత్తిమీదే ఇంటర్వ్యూ జరిగే గది కిటికీ ఉందని ఈయన గమనించేసరికే పొగ అందులోకి వెళ్ళిపోతోంది. కారు కాస్త వెనక్కి తీద్దామంటే అప్పటికే వెనక పాలవ్యాను వచ్చి నిలబడింది. పైన ఎవరో దగ్గారు. కిటికీ రెక్కలు మూశారు. ఇంజను చప్పుడుకు ఆ రెక్కలు కూడా గడగడలాడాయి. ఆపితే ఆమె ఉన్న ఉద్యోగానికి ఆలస్యమవుతుంది, ఆపకపోతే రాబోయే ఉద్యోగం పోతుంది. స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు.

కాసేపటికి కిటికీ తెరుచుకుంది. కళ్ళు తుడుచుకుంటూ హాస్టల్ పెద్దావిడ తొంగిచూసింది. పక్కనే ఇంకో ఇద్దరు. మేడమెట్ల మీంచి తన భార్యే దిగి వస్తోంది.

"మొండి పిల్లల్ని ఎలా సర్దుతానో చెప్పమన్నారు. చెప్పేలోపు ఈ చప్పుడు. వెళ్ళి దాన్ని సర్దిరమ్మని పంపారు," అంది నెమ్మదిగా. "ఆపండి."

"ఆపితే మళ్ళీ లేవదు," అన్నాడు ఆయన. నిజం చెప్పడం అదే మొదలు. "కొన్నప్పటినుంచీ అంతే. నీ కాలి తప్పేం లేదు."

ఆమె ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. "ఆపండి," అంది మళ్ళీ.

కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. మళ్ళీ తిప్పాడు. తాళం ఊడబీకి చేతిలో పట్టుకున్నాడు. ఇంజను ఇంకా హుషారుగా తిరుగుతోంది. పశువుల డాక్టరు చెప్పబోయిన ఇంకో సంగతి ఏమిటో అప్పుడు అర్థమైంది: గంటల తరబడి తిరిగాక ఇది తాళానికీ లొంగదు. పొద్దున్నుంచీ ఆగిపోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కాపాడుకొచ్చిన ఇంజను, ఇప్పుడు ఆగమంటే ఆగనంటోంది. కిటికీలోంచి అందరూ చూస్తున్నారు. ఏడుపొక్కటే తక్కువ.

"జరగండి," అంది భార్య.

"నీకేం తెలుసని?"

"దీన్ని చంపడం ఒక్కటే కదా నాకు వచ్చు. మీరే అన్నారు."

సీట్లో కూర్చుంది. బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్చి మీంచి ఠపీమని కాలు తీసేసింది. కారు ఒక్క ఎగురు ఎగిరి చచ్చి ఊరుకుంది. హాస్టలంతా నిశ్శబ్దం. మేడమీది గదుల్లో పిల్లలెవరో చప్పట్లు కొట్టారు. ఆమె బట్టలు సర్దుకుని మళ్ళీ పైకి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఈయన బానెట్‌కు అట్టముక్కతో విసురుతున్నాడు. ఎక్స్‌రే సెంటరుకు ఆలస్యమైందని నీళ్ళు నమిలాడు. ఇక అక్కడికి వెళ్ళక్కర్లేదనీ, వచ్చేవారమే ఇక్కడ చేరమన్నారనీ ఆమె చెప్పింది. పాలవ్యాను వెళ్ళిపోగానే కాపలా మనిషి, ఇంత గొడవ చేసిన కారు తక్షణం గేటు బయట ఉండాలని పట్టుబట్టాడు. ఆమె స్టీరింగు దగ్గర కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంది. ఈయన వెనక నిలబడి తోశాడు.

"మరి అనుభవం అడగలేదా?" అన్నాడు రొప్పుతూ.

"అడిగారు. కిటికీలోంచి మిమ్మల్ని చూపించాను."