తలుపు తియ్యి, నేనొచ్చాను

ఆ శనివారం పొద్దున ఎల్విరా వేసుకున్న పథకం చిన్నదే. బంగాళాదుంపల లోక్రో చారు పొయ్యి మీద పెట్టాలి, అది ఉడికేలోగా జపమాల తిప్పాలి, ఆ తర్వాత చర్చి మైదానానికి వెళ్లి కొడుకు ఫౌస్తో పాట వినాలి. రాజధాని కీటో నుంచి ఉత్సవాల పెద్దమనిషి వస్తున్నాడు. జనం పోగైతే ఫౌస్తో బృందాన్ని అక్కడికి పిలుస్తాడు. పోగవకపోతే అంతే సంగతులు.

"తడి చేత్తో మైకు ముట్టుకోకురా. షాక్ కొడుతుంది," అంది గుమ్మం దాటుతున్న కొడుకుతో.

"అమ్మా, నాకు నలభై ఎనిమిదేళ్లు!"

"షాక్ వయసడిగి కొడుతుందా?"

ఆమె అసలు భయం షాక్ కాదు. ఆ రాక్ బృందానికి ఇన్నేళ్లలో పేరు తెచ్చింది ఒక్కటే పాట: "తలుపు తియ్యి, నేనొచ్చాను." దాని పల్లవిని గ్యాస్ బండివాళ్లు హారన్‌కు పెట్టుకున్నారు. అప్పటినుంచి వాళ్ల ఊరు రియోబాంబాలో ఆ పల్లవి వినబడితే అందరికీ సిలిండరే గుర్తొస్తుంది. దానికో చరణం ఉందని ఎవరికీ తెలియదు. జనం నిలబడి ఆ చరణం వింటుండగా ఒక్కసారి చూసి కన్ను మూయాలని ఎల్విరా కోరిక.

చారు సగం ఉడికిందో లేదో, పొయ్యి ఆరిపోయింది.

"అనుకున్నా! ఇవాళే అయిపోతుందని అనుకున్నా!" అని ఆమె నెత్తి కొట్టుకుంటుండగానే దూరంగా చర్చి వైపు నుంచి ఆ పల్లవి వినిపించింది. అలవాటు కాళ్లది, బుర్రది కాదు. ఖాళీ సిలిండర్ దొర్లించుకుంటూ వీధిన పడింది.

ఎదురింటి సోయిలా చూసింది. ఊరందరికంటే ముందు భయపడేది ఎల్విరానే అని పేరు. "అక్క పరుగెత్తుతోందంటే గ్యాస్‌కు కరువొచ్చినట్టే!" అని కేక పెట్టి తన సిలిండర్ బయటికి లాగింది. ఆమెను చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి పక్క వీధివాళ్లు.

మైదానంలో అప్పటిదాకా ఉన్న శ్రోతలు రెండు కుక్కలు. ఇప్పుడు సిలిండర్ల వరస చర్చి మెట్లదాకా సాగింది. కీటో పెద్దమనిషి నోరు తెరిచాడు.

"మావైపు అభిమానులు పూలు తెస్తారయ్యా. మీవాళ్లేంటి, ఇనప బుడ్లు తెస్తున్నారు?"

"అది... మా ఊరి ఆచారమండీ," అన్నాడు డ్రమ్స్ వాయించే రమీరో.

వేదిక మీద ఫౌస్తో తల్లిని చూశాడు. ఆమె ముందున్న సిలిండర్‌నూ చూశాడు. పల్లవి దగ్గరే పాట ఆపేశాడు. "నువ్వు కూడానా అమ్మా?" అన్నట్టున్నాయి కళ్లు. తానేం చేసిందో ఎల్విరాకు అప్పుడుగానీ తెలిసిరాలేదు.

అంతలో అసలు బండి వచ్చింది, అదే పల్లవి మోగించుకుంటూ. వరసంతా అటు తిరిగింది. ఎల్విరా తన సిలిండర్‌ను బండికి అడ్డంగా పడేసి దాని మీద కూర్చుంది.

"లే పెద్దమ్మా, బేరాలు పోతాయి!" అన్నాడు డ్రైవర్.

"కావాలంటే తొక్కించుకుపో. చరణం అయ్యేదాకా లేవను."

"దీనికి చరణం కూడా ఉందా?" అతను హారన్ ఆపి కిందికి దిగాడు. "ఏళ్లుగా ఊరంతా తిప్పుతున్నా. ఇంతకీ ఆవిడ తలుపు తీసిందా, లేదా?"

ఫౌస్తో పాడాడు. తియ్యడానికి లోపల ఎవరూ లేరని, అది తెలిసీ రోజూ వచ్చి తడుతున్నానని. మైదానంలో ఒక్క సిలిండర్ కూడా కదల్లేదు. సోయిలా శాలువాతో కళ్లొత్తుకుంది. డ్రైవర్ చక్రానికి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

పెద్దమనిషి ముక్కు చీదుకుంటూ ఫౌస్తో చెయ్యి పట్టుకున్నాడు. "కీటో వచ్చెయ్యండి. కానీ ఆ బుడ్లవాళ్లందరినీ వెంటబెట్టుకు రావాలి!"

జనం సిలిండర్ల కోసం బండి మీద పడ్డారు. ఎల్విరా కళ్లు మూసుకుని మేరీమాతకు మొక్కుకుని తెరిచేసరికి బండి ఖాళీ.

ఆ పూట పాట మొత్తం పూర్తయింది, చారే పల్లవి దగ్గర ఆగిపోయింది.