తోకచుక్క కోసం ఆర్పిన లైట్లు

"విజ్ఞానశాస్త్రం కోసం ఒక ఊరు ఊరే తన వెలుగును త్యాగం చేయడం మానవచరిత్రలో ఇదే మొదటిసారి!"

కరెంటు ఇంజనీరు యోగానంద తన నివేదికలో ఈ వాక్యం రాసి, కింద గీత కూడా గీశాడు. ఉద్యోగం ఊడే వేళ మాటలు పెద్దవిగానే ఉండాలి.

జరిగింది ఇదీ. తొంభై ఏడులో తోకచుక్క కనిపించినప్పుడు, శ్రీకాళహస్తిలో స్టూడియో నడిపే మునిచంద్ర కొండల నడుమనున్న బండకిందపల్లెకు పోయి, కెమెరాను స్టాండు మీద నిలిపి ఫోటో తీశాడు. పేపర్లో వేశారు. కింద ఒక మాట కూడా రాశారు: 'ఒక్క దీపం కూడా లేని ఊరు.'

ఫైలు ప్రకారం ఆ ఊళ్ళో ఏడేళ్ళుగా పదకొండు వీధి లైట్లు వెలుగుతున్నాయి! సంతకం యోగానందది.

తిరుపతి నుంచి పెద్ద ఇంజనీరు జయచంద్ర ఫోన్ చేశాడు. "ఏమప్పా, ఆ పదకొండు లైట్లు యాడికి పోయినాయి?"

"ఆర్పించినాం సార్! ఫోటోలో తోకచుక్క బాగా పడాలని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"భేష్! శుక్రవారం పెద్దమనుషుల్ని పిల్చుకోని వస్తా. మా కండ్ల ముందర ఇంకోసారి ఆర్పించు."

ఏడేళ్ళలో కాని పని నాలుగు రోజుల్లో అయింది. వేరే ఊరికి పోవాల్సిన స్తంభాలు బండకిందపల్లెలో దిగాయి. శుక్రవారం సాయంత్రం పదకొండు లైట్లూ వెలిగాయి. అన్నింటికీ ఒకటే స్విచ్చి, ఆ ఊరి ముసలమ్మ అక్కమ్మ ఇంటి గోడకు బిగించారు.

పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. చీకటి గొప్పతనం గురించి జయచంద్ర అరగంట మాట్లాడి, "ఆర్పండి!" అన్నాడు.

ఆరలేదు.

యోగానంద పరుగెత్తాడు. స్విచ్చి కింద అడ్డంగా మంచం వేసుకుని అక్కమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, లెయ్యి! అయిదు నిమిషాలే."

"మళ్ళా ఎలగతాయా?"

"ఎలగతాయి."

"మరి ఆ గుట్టెనకాల లారీ ఎందుకు పెట్టినావు నాయనా? స్తంభాలు పెరుక్కోని పోను కాదా?"

"నా ఉజ్జోగం పోతాది అవ్వా!"

ఇంతలో జయచంద్రే వచ్చేశాడు. వెనక పెద్దమనుషులు. "ఏమ్మా, మొన్న సంతోషంగా ఆర్పినారంట గదా?"

యోగానంద కళ్ళు మూసుకున్నాడు.

"ఆర్పినాం సామీ," అంది అక్కమ్మ. "ఏడేండ్లుగా దినామూ ఆర్పతానే ఉండాం. చేతులు నొప్పి పుట్టినాయి. ఈ పొద్దు మీ తిరపతిలో ఆర్పుకోండి."

జయచంద్రకు అంతా అర్థమైంది; గుట్ట వెనకాల లారీని వచ్చేటప్పుడే చూశాడు. ఆ ఫైలు మీద రెండో సంతకం ఆయనదే మరి!

"లారీని ఉత్తదే పంపించెయ్యప్పా," అన్నాడు యోగానంద చెవిలో. తర్వాత నడివీధిలో, లైటు కింద నిలబడి తల పైకెత్తాడు. "ఆహా! ఈడనుంచి ఎంత బాగా కనిపిస్తా ఉండాది!"

పెద్దమనుషులందరూ తలలెత్తారు. లైట్ల వెలుగుకు తోకచుక్క ఒక్కరికీ కనిపించలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు.