సంఘపెద్ద కోడలి ముప్పై డిగ్రీల మహాసంగ్రామం

ప్రచండమార్తాండుడు పడమటి మేడల మీదుగా దిగిపోతూ, దండేల మీద ఆరేసిన చొక్కాలపై తన కడపటి ప్రతాపాన్ని చూపుతున్న ఒకానొక శనివారపు అపరాహ్ణవేళ, ఫొటోస్టాట్ దుకాణం వెనుక, నీలిరంగు రబ్బరు చాపలు పరిచిన, రెండు ఫ్యాన్లలో ఒక్కటే తిరిగే రేకుల హాలులో సంభవించిన ఘోరసమరాన్ని గానం చేయబూనుతున్నాను. ఆనవాయితీ ప్రకారం ముందుగా ఎవరినో ఒకరిని స్తుతించాలి. కానీ ఎవరిని స్తుతించినా ఈ కథలోని మామగారు అభ్యంతరం చెబుతారు. కనుక ఆయన చూడకుండా, తిరుగుతున్న ఆ ఒక్క ఫ్యానుకే ఒక దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

ఆ సమరంలోని వీరనారి ఎవరనగా, ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో నిలిచి, "ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి" అంటూ దినమునకు ఎనభైమందిని శాసించే పరాస్థిపంజరదర్శనధురంధర, ఆదివారం ఆరాధనలో క్వైర్ రెండో వరుస గాయని, ముప్పై ఎనిమిదేళ్ల ఇల్లాలు. ఆరు నెలల క్రితం ఆసుపత్రి నర్సు ఒకామె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లగా కరాటే క్లాసులో చేరింది. నేడు ఆమెకు పసుపు బెల్టు పరీక్ష. ఆ హాలులో ఒక అలంఘ్యశాసనం ఉంది: పోరుకు ముందు ప్రత్యర్థికి నడుము వంచి అభివాదం చేయవలెను, పోరు ముగిశాక మరల చేయవలెను. ఈ ఆరు నెలలూ ఆ ఘడియ రాగానే మన వీరనారి బెల్టు ముడి సవరించుకునేది, లేదా మంచినీళ్లకు వెళ్లేది, లేదా బాత్‌రూములో అజ్ఞాతవాసం చేసేది. మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కానీ పరీక్షరోజు మాత్రం వంగనివారికి బెల్టు లేదు.

ఆమె నడుముకు అంతటి నిషేధాజ్ఞ విధించినవారు మామగారు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా చర్చి సంఘం తలుపు దగ్గర నిలబడి, వచ్చేవారికీ పోయేవారికీ వందనాలు చెబుతున్న ద్వారపాలకశిఖామణి, సంఘపెద్ద, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా ధారి. ఆ ఉదయం కాఫీ దగ్గర, ప్రసంగ వేదిక ఎక్కినంత గంభీరంగా ఆయన ఇలా ఉద్ఘాటించారు:

"చూడమ్మా, ప్రభువు చెంప చూపించమన్నాడు గానీ కాలు చూపించమనలేదు. తన్నులు నేర్చుకోవడం ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు, అక్కడ మనుషులకి, గోడమీద పటాలకి వంగి మొక్కుతారట. మనం మొక్కేది ఒక్కరికే. నువ్వు ఇవాళ అక్కడ వంగావో, రేపటి నుంచి క్వైర్‌లో నీ కుర్చీ ఉండదు. మామగా కాదు, సంఘపెద్దగా చెబుతున్నా."

"మామయ్యా, రెండో చెంప చూపించాలంటే మొదటి దెబ్బకి పడిపోకుండా నిలబడాలి కదా?" అంది కోడలు.

ఆ ప్రశ్నాస్త్రం గుండెల్లో దిగబడగా మామగారు క్షణకాలం తల్లడిల్లి, కాఫీ గ్లాసును డాలువలె అడ్డుపెట్టుకుని, "నాలుగింటికి నేనే వచ్చి చూస్తాలే" అని రణభేరి మోగించారు.

ఆమెకు రెండూ కావాలి. ఇందులో దాచవలసిందేమీ లేదు. ఆదివారం పాడేటప్పుడు ఒళ్లంతా నిండినట్టుంటుంది. శనివారం పిడికిలి బిగించి "హేయ్" అని అరిచినప్పుడూ అచ్చంగా అలాగే ఉంటుంది. ఒకదానికోసం రెండోదాన్ని వదులుకోమంటే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ మధ్యాహ్నం ఎక్స్‌రే గదిలో లైటు ఆర్పుకుని రెండు నిమిషాలు ఏడ్చింది కూడా.

నాలుగు గంటలు కొట్టీ కొట్టకముందే మామగారు హాలు గుమ్మంలో ప్రత్యక్షమైనారు. వారమంతా ఫ్రిజ్జులు బాగుచేసి శనివారాలు శిష్యులను బాగుచేసే మాస్టరు, ఆయన వెనుక పదకొండుమంది ధవళాంబరధారులైన శిష్యులు, తలపండిన మనిషి గడప దాటగానే, తమ నియమం ప్రకారం ఒక్కసారిగా వంగి అభివాదం చేశారు. కోడలు ఎప్పటిలాగే మూలకు పోయి బెల్టు ముడి పట్టుకుంది.

సరిగ్గా ఇక్కడే, ఓ శ్రోతలారా, విధి తన వేలు పెట్టింది. ముప్పై ఒక్క సంవత్సరాల ద్వారపాలకత్వంలో ఒక్క పలకరింపునైనా బాకీ పెట్టుకోని ఆ మహానుభావుని నడుము, ఆయనను అడగకుండానే, జోడించిన చేతులతో సహా తానుగా వంగిపోయింది. పెద్దవారు వంగితే చిన్నవారు తిరిగి, అంతకంటే కిందికి వంగవలెనన్నది ఆ హాలు ధర్మం. పన్నెండుమందీ వంగారు. ఎదుటివారు వంగితే ఊరుకోవడం ఆయన రక్తంలో లేదు. ఆయన వంగారు. వారు వంగారు. ఆయన మరింత వంగారు. ఇటు సంఘమర్యాద, అటు చాపమర్యాద, రెండు మహాసముద్రాల వలె ఒకదానిమీద ఒకటి విరుచుకుపడుతూ, ఎవరు ముందు ఆగితే వారిది పెంకితనమన్న భయంతో ఎవరూ ఆగక, ఆరవ వంగుబాటు, తొమ్మిదవ వంగుబాటు, పద్నాలుగవ వంగుబాటు దాటి, పదిహేనవదానివద్ద టక్కున ఒక శబ్దం వినిపించింది. మామగారి నడుము పట్టేసింది.

ఆయన లేవలేదు. ఆయన లేవలేదు గనుక ఎవరూ లేవలేదు. పదమూడు తలలు నేలచూపులు చూస్తూ నిలిచిపోయాయి.

"సార్, మీరు లేస్తే మేం లేస్తాం," అన్నాడు మాస్టరు కిందినుంచే.

"లేవగలిగితే లేవనా నాయనా!" అన్నారు మామగారు, ఇంకా కిందినుంచి.

ఆ హాలులో నిటారుగా ఉన్న నడుము ఒక్కటే. ఆ నడుము బెల్టు ముడి వదిలేసి, చాపలమీదుగా మూడంగల్లో వచ్చి, పాదాలు ఎడంగా ఊనింది. కోడలు ఒక చెయ్యి మామగారి నడుముకు, ఒక చెయ్యి భుజానికి వేసి, "ఊపిరి బిగపట్టండి మామయ్యా... ఇక వదలండి" అంది. వెంటనే రేకులు దద్దరిల్లేలా "హేయ్!" అని ఒక్క సింహనాదం చేసింది. మామగారు తాళం తీసిన తలుపులా తెరుచుకుని నిలబడ్డారు. పన్నెండుమందీ హమ్మయ్య అనుకుంటూ లేచారు.

"మామయ్యా, ఇందాక పదిహేనుసార్లు ఎవరికి మొక్కారు?" అని అడిగింది కోడలు, నెమ్మదిగానే.

"మొక్కడమేంటి? వాళ్లు పలకరించారు, నేను తిరిగి పలకరించా. ఊరుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారాయన. అని, అన్నమాట తన చెవిలోనే పడి, నాలుక కరుచుకున్నారు. కోడలు తొందరపడి నవ్వలేదు. గెలిచిన మనిషి అలా ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఓడిన సేనాని చివరి అంబుకోసం అమ్ములపొది తడిమినట్టు ఆయన గోడవైపు చూసి, "మరి ఆ పటం సంగతేంటి?" అన్నారు.

"అదా సార్? అక్కడ గోడ పెచ్చు ఊడింది. మా గురువుగారి ఫొటో సరిగ్గా సరిపోయింది. దానికెవరూ వంగరు. కావాలంటే తీసేస్తా," అన్నాడు మాస్టరు.

"వద్దులే. పెచ్చు కనిపిస్తుంది."

మామగారు నడుము రాసుకున్నారు. చివరకు కోడలివైపు తిరిగి, "మోకాళ్లు వంచకు. నడుము వరకే. మనుషులకే. నేను చాలన్నచోట ఆగు," అని తీర్పు చెప్పారు.

అంతట ఆ వీరనారి, తాళాలు బాగుచేసే ప్రత్యర్థి ఎదుట నిలిచి, అరంగుళం తరువాత అరంగుళంగా వంగసాగింది. మామగారు పక్కన ఒక కన్ను మూసి, గోడ తిన్నగా ఉందో లేదో చూసే మేస్త్రీలా కొలత పట్టారు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు!" ముప్పై డిగ్రీలు. తాళాలవాడు కూడా వంగాడు. పోరు మొదలైంది. మూడు నిమిషాలపాటు గాలి చీలింది, చాప జారింది. చివరకు ఆమె పాదం తాళాలవాడి రొమ్మును తాకీ తాకకుండా, ఒక వేలు దూరంలో ఆగింది.

"తగల్లేదే!" అన్నారు మామగారు, కాస్త నిరాశగానే.

"తగలకూడదు సార్. ఆపగలగడానికే మార్కులు," అన్నాడు మాస్టరు.

ఓ దిక్కులారా, వినుడు! కోటలు కూలలేదు, సింహాసనాలు కదలలేదు, విశ్వాసవిషయాలమీద పండితుల వాదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఆ శనివారం అయిదింటికి ఒక కోడలు నిండు సభలో, పోరుకు ముందూ ముగిశాకా, ముప్పై డిగ్రీలు వంగి, తిరిగి నిటారుగా లేచి, ప్లాస్టిక్ కవరులోంచి తీసిన కొత్త పసుపు బెల్టును నడుమున బిగించుకుంది. మామగారు చెప్పులు వేసుకోబోయి, వంగలేక, ఆమె భుజం పట్టుకుని ఒక్కొక్క కాలే దూర్చారు. గుమ్మం దాటాక, ముందుచూపే చూస్తూ అన్నారు:

"రేపు తొమ్మిదింటికల్లా క్వైర్ ప్రాక్టీసు. ఆలస్యం చెయ్యకు."