సొంత నిర్ణయానికి తొమ్మిది సంతకాలు

ఆడవాళ్ళ ఒంటి మీద పూర్తి హక్కు ఆడవాళ్ళదేనని చట్టం తేల్చి చెప్పింది. అంత విలువైన హక్కును నేరుగా చేతికిస్తే ఎక్కడ పారేసుకుంటారోనని ప్రభుత్వం దాన్ని భద్రంగా దాచడానికి ఒక కార్యాలయం తెరిచి, ‘స్వయం నిర్ణయ రక్షణ విభాగం’ అని పేరు పెట్టింది.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమె గర్భం ఏడో వారంలో ఉండగా అక్కడికి వెళ్ళింది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఇంకొకటి తట్టుకోలేవని డాక్టరమ్మ అప్పుడే హెచ్చరించింది. బస్సు నడిపే భర్తతో రెండు రోజులు మాట్లాడి, వద్దనుకుంది. (రెండే రోజుల్లో తేల్చుకున్నారని తెలిసి విభాగం నొచ్చుకుంది. విభాగానికి పెన్సిళ్ళు కొనాలన్నా ఆరు నెలలు పడుతుంది.)

గుమాస్తా మంచివాడు. కుర్చీ చూపించాడు. నిర్ణయం పూర్తిగా ఆమెదేనని, ఎవరూ వేలు పెట్టడానికి వీల్లేదని చెప్పి, వేలు పెట్టడం లేదని తొమ్మిది మంది చేత సంతకాలు చేయించుకు రమ్మని ఫారం ఇచ్చాడు.

“వాళ్ళందరూ ఒప్పుకోవాలా?” అని అడిగింది.

“ఒప్పుకోవడం పాత పద్ధతమ్మా, మీకు అవమానం. ఇప్పుడు తమకు ఒప్పుకునే హక్కే లేదని వాళ్ళు ఒప్పుకుంటే చాలు.”

భర్త స్టీరింగు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. అత్తగారు మాత్రం, హక్కు లేదని రాసివ్వాలంటే ఇన్నాళ్ళూ ఉండేదనేగా అర్థమని, ఆ సంగతి ఎవరూ తనకు చెప్పలేదని బాధపడి వారం తీసుకుంది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు పైవాళ్ళను అడిగాడు, పైవాళ్ళు వాళ్ళ పైవాళ్ళను అడిగారు, చివరికి సంతకం పడింది. పక్కింటి లెక్కల మాస్టారు స్త్రీ స్వేచ్ఛను సమర్థిస్తూ గంటన్నర మాట్లాడి, ఫారంలో అచ్చుతప్పు ఉందని సంతకం మానేశారు. ఆయన బదులు వాళ్ళావిడ చేసింది. ఇంటి యజమాని, మరిది, ఆడపడుచు చేసేసరికి పదకొండో వారం వచ్చింది.

ఎనిమిదో సంతకం ఏ సంబంధమూ లేని మనిషిది కావాలి. (సంబంధం లేనివాళ్ళకే అభిప్రాయాలు గట్టిగా ఉంటాయని విభాగం సర్వేలో తేలింది.) ఆమె ఫారం పట్టుకుని బస్టాపులో నిలబడింది. ముగ్గురు పెద్దమనుషులు చదివి, సంతకం తప్ప మిగతావన్నీ ఇచ్చారు. చివరికి కూరగాయల బండి దగ్గరి ముసలమ్మను అడిగింది.

“నాకు చదువు రాదు తల్లీ. ఏం రాశారిందులో?”

“నా సంగతి నీకు అనవసరమని.”

“మరంతేగా,” అని ముసలమ్మ వేలిముద్ర వేసి, ఆమె మొహం చూసి, తన పీట జరిపి కాసేపు కూర్చోమంది. ఈ పని మొదలైనప్పటి నుంచి ఆమె ఏడ్చింది అక్కడే.

తొమ్మిదో సంతకం విభాగాధిపతిది. ఆయన ఊళ్ళో లేరు. స్త్రీల నిర్ణయాల అమలులో ఆలస్యం ఎందుకవుతోందన్న విషయం మీద ప్రసంగించడానికి వెళ్ళి, ప్రసంగం బాగుందని అక్కడే ఇంకో రెండు సదస్సులకు ఆగిపోయారు. ఆయన తిరిగొచ్చేసరికి గర్భం తీయడానికి విభాగం పెట్టిన పద్నాలుగు వారాల గడువు దాటి నాలుగు రోజులైంది. గుమాస్తా నిజంగానే బాధపడ్డాడు. ఫైలు మూయడానికి మనసు రాక, నడుస్తున్న ఫైళ్ళలోనే ఉంచాడు.

కాన్పులో మళ్ళీ రక్తం ఆగలేదు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఎలాగో బతికి బయటపడింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఫ్యాక్టరీలో ఆమె మిషన్ ముందు వేరొకరు కూర్చుంటున్నారు.

పాపకు నాలుగో నెలలో విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. పాపను భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి చదివింది. ఆమె నిర్ణయాన్ని విభాగం సంపూర్ణంగా గౌరవిస్తోందని, అనుమతి మంజూరైందని, ఏడు రోజుల్లోగా స్వయంగా హాజరు కావాలని అందులో ఉంది. కింద చిన్న అక్షరాల్లో గమనిక: రద్దీ కారణంగా చంటిపిల్లలను వెంట తీసుకురావద్దని మనవి.