ఆఖరి పురుగు ఎగిరేదాకా

ఈ ధాన్యం గోదాం కాఫీ బల్ల దగ్గర మీ అందరికీ ఒకటే అనుమానమని నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగాక అయోవా బయట ఒక్క చలికాలం గడపని ఈ డెల్బర్ట్ హాగెన్ రేపు పొద్దున్నే టెక్సస్ బస్సెక్కుతున్నాడేమిటా అని. చెబుతాను వినండి. నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ, కాఫీ నోట్లో పోసుకుని నవ్వకండి, ఎదురుగా కూర్చున్నది నేను.

మా ఆవిడ లవోన్ మోకాళ్ల సంగతి మీకు తెలిసిందే. అక్టోబరు వస్తే చాలు, రేడియోవాడి కంటే ముందు అవే మంచు కబురు చెబుతాయి. చలి అంతగా లేని టెక్సస్‌లో వాళ్లక్క ఆర్డిస్ భర్త పోయి ఒక్కతే ఉంటోంది, రమ్మని పిలుస్తూనే ఉంది. కిందటి జూన్‌లో లవోన్ గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే విషయం చెప్పింది.

"ఈసారి చలికాలం అక్క దగ్గరుంటా. నా పురుగుల్లో ఆఖరిది ఎగిరిపోగానే బయల్దేరతా. నువ్వూ వస్తావా?"

"హీటర్ ఎవరు చూస్తారు? అది ఆగితే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టవూ?" అన్నాను.

"హీటర్‌కి నువ్వు కావాలా, నీకు హీటర్ కావాలా?"

"రెండూ," అన్నాను, ఏదో తెలివైన మాట అన్నట్టు. ఆవిడ మళ్లీ అడగలేదు. నిజానికి నేను చెప్పదల్చుకున్నది వేరు. నువ్వు లేని ఇంట్లో నేనుండలేను, వెళ్లొద్దు అందామనుకున్నాను. నోరు తెరిస్తే హీటర్ వచ్చింది.

పురుగులంటే మోనార్క్ అనే నారింజరంగు సీతాకోకల గొంగళిపురుగులు. రోడ్డు పక్క జిల్లేడాకుల అడుగున సీతాకోకలు పెట్టిన గుడ్లు ఏరుకొచ్చి, వసారాలో దోమతెర బోనులో పెంచడం లవోన్‌కి ఏటా అలవాటు. ఆ పురుగు పుట్టగానే తన గుడ్డు పెంకు తినేస్తుంది. ఆ తర్వాత జిల్లేడాకు తింటుంది. ఒళ్లు పెరిగి తోలు బిగుతైతే ఆ తోలు విప్పేసి, దాన్నీ తినేసి, మళ్లీ జిల్లేడాకు మీద పడుతుంది. ఇంకే ఆకు పెట్టినా మూతి తిప్పుకుంటుంది. తిన్నంత తిని, చుట్టూ పెంటికలు పోసి, ఒకరోజు తలకిందులుగా వేలాడి పచ్చటి గూడవుతుంది. దాని మీద బంగారు చుక్కలుంటాయి.

ఇక్కడే నా తలరాత చూడండి. వయసులో నేను చేసిందల్లా సోయా చేలల్లో కలుపని జిల్లేడు పీకడమే. లవోన్‌ని చూసింది కూడా అక్కడే. ఆవిడో సాలు, నేనో సాలు, పొద్దుగుంకేదాకా పీకేవాళ్లం. ఆ వేసవంతా నేను ఒక్క మాటైనా అనలేదు. చివరికి ఆవిడే నడుం పట్టుకుని నిలబడి, "పెళ్లి చేసుకుంటావా, లేక వచ్చే ఏడు కూడా ఇలా పీకుతూనే ఉంటావా?" అంది. మా ఇంట్లో మాట్లాడే పని అప్పట్నుంచీ ఆవిడదే.

అందుకని ఆవిడ అన్న 'ఆఖరిది' అనే మాట గట్టిగా పట్టుకున్నాను. అసలు ఆఖరిదంటూ లేకుండా చేస్తే? లవోన్ మధ్యాహ్నం కునుకు తీసే వేళ బకెట్టు పట్టుకుని రోడ్డు గట్ల వెంట తిరిగేవాణ్ణి. దొరికిన పురుగుల్ని తెచ్చి చప్పుడు కాకుండా బోనులో వదిలేవాణ్ణి. పెళ్లయ్యాక ఇంత శ్రద్ధగా నేనే పనీ చేయలేదు.

ఆగస్టుకల్లా ఇల్లు పురుగులపాలైంది. గూడు కట్టే ముందు ఆ పురుగులకి కాళ్లు నిలవవు, బోనులోంచి తప్పించుకుని ఊరేగింపు మొదలెడతాయి. వెన్న గిన్నె మూత మీద ఒకటి, లవోన్ కళ్లజోడు పెట్టె కింద ఒకటి వేలాడాయి. ఇంకొకటి నా టోపీ అంచుకి గూడు కట్టింది.

"అది ఎగిరేదాకా ఆ టోపీ ముట్టుకోకు," అంది లవోన్.

"మరి నా తల?"

"తలకి రెక్కలు రావు కదా, కంగారేముంది?"

నా బట్టతల బీట్‌రూట్‌లా కాలిందని అప్పుడు మీరు నవ్వారు. కారణం అదీ.

తరవాత మేత కరువొచ్చింది. ఇక్కడ కూర్చున్న ఈ మెర్లిన్‌ని మనం పిచికారీ మెర్లిన్ అని ఊరికే అనం. వాడి పొలం గట్టున పచ్చగా కనబడేది వాడి ట్రాక్టర్ ఒక్కటే. నేను కాలవలో మోకాళ్ల మీద పాకుతుంటే పక్కనే బండి ఆపాడు.

"ఏం పోగొట్టుకున్నావు డెల్బర్ట్?"

"జిల్లేడు కోసం చూస్తున్నా."

"నేను ముప్పై ఏళ్ల నుంచి దాన్ని పోగొట్టుకోవాలని చూస్తున్నానయ్యా. నీకు దొరికితే నాక్కూడా చెప్పు, వచ్చి మందు కొడతా."

సెప్టెంబరు వచ్చింది. మిగిలిన జిల్లేడు పండిపోయింది. సీతాకోకలు ఒక్కొక్కటే రెక్కలారబెట్టుకుని దక్షిణానికి ఎగిరిపోయాయి. బోనులో ఒకే ఒక్క గూడు మిగిలింది. మంచం కింద నుంచి లవోన్ పెట్టె పైకొచ్చింది. దాన్ని చూస్తే నాకు అన్నపానాలు సయించలేదు.

సరిగ్గా అప్పుడే మా పెరట్లో, దోస ఊరగాయలో వేసే డిల్ మొక్క మీద ఒక పురుగు కనబడింది. చారలున్నాయి, లావుగా ఉంది, ఆగకుండా తింటోంది. ఇంకేం కావాలి? తెచ్చి బోనులో పడేశాను.

మర్నాడు ఫలహారం దగ్గర లవోన్ పిలిచింది. "డెల్బర్ట్, ఇటొకసారి రా." వేలితో ఆ పురుగుని తాకింది. దాని తలలోంచి రెండు నారింజరంగు కొమ్ములు బయటికొచ్చాయి. కుళ్లు కంపు కొట్టింది.

"మోనార్క్‌కి కొమ్ములుంటాయా?"

"కోపమొచ్చిందేమో," అన్నాను.

"ఇది నా డిల్ మొక్క మీదుండే పురుగు. రోజూ పొద్దున్నే పలకరిస్తున్నా దీన్ని. నిన్న కనబడకపోతే ఏ పిట్టో ఎత్తుకుపోయిందనుకున్నా. ఆ పిట్ట ఇక్కడే కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటోందన్నమాట."

నేను రొట్టె కింద పెట్టాను.

"జూలై నుంచీ చూస్తున్నా," అంది. "ఎవరి పురుగులైనా చచ్చి తగ్గుతాయి, లేకపోతే గూళ్లవుతాయి. నావి మాత్రం నేను కునుకు తీసి లేచేసరికి పెరిగేవి."

"మరి అడగలేదేం?"

"నువ్వే ఏమైనా చెప్తావేమోనని."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను గోడ గడియారం వైపు చూశాను.

ఆవిడ డిల్ రెమ్మ తెచ్చి ఆ పురుగుకి పెట్టింది. అదీ తిని తిని, కరెంటు స్తంభమెక్కిన లైన్‌మాన్‌లా నడుముకి దారం బిగించుకుని, మట్టిరంగు గూడైంది. "ఈ జాతి చలికాలమంతా ఇలాగే నిద్రపోతుంది. మేలో లేస్తుంది," అంది.

నా గుండె గంతేసింది. "అయితే ఆఖరిది ఎగిరేది మేలోనే. నీ మాట ప్రకారం అప్పటిదాకా..."

"నా పురుగుల్లో ఆఖరిదన్నాను. ఇది నీ పురుగు. తెచ్చినవాడివి నువ్వే చూసుకో. దాన్ని ఒంటరిగా వదిలి ఎక్కడికీ పోకు."

మిగిలిన ఒక్క మోనార్క్ ఎగిరిపోయిన మర్నాడే ఆవిడ బస్సెక్కింది.

ఆ తర్వాత మా ఇల్లు ఎలా ఉందో మీకు చెప్పలేదు. ఒక పళ్లెం, ఒక చెంచా, ఒక కప్పు. టీవీ ఆపితే హీటర్ మూలుగు, హీటర్ ఆగితే అదీ లేదు. గూడుని హీటర్ పక్కన వంటింటి కిటికీలో పెట్టుకున్నాను. పొద్దున్నే దానితో మాట్లాడేవాణ్ణి. కాఫీ పలచనైందని, మంచు తలుపుదాకా వచ్చిందని చెప్పేవాణ్ణి. అది ఏమీ అనేది కాదు. ఇన్నేళ్లూ లవోన్‌కి నేనెలా వినిపించి ఉంటానో అప్పుడర్థమైంది.

మొన్న ఆదివారం ఆవిడ ఫోన్ చేసింది. "నీ పురుగు ఎలా ఉంది?"

"హీటర్ పక్కన వెచ్చగా ఉంది."

"అయ్యో డెల్బర్ట్, వెచ్చగా ఉంటే వసంతమొచ్చిందనుకుని ఈ మంచులోనే లేచొస్తుంది. తీసుకెళ్లి చల్లటి షెడ్‌లో పెట్టు. దాన్ని ఎవరూ చూడక్కర్లేదు."

"ఒంటరిగా వదలొద్దన్నావు."

"దానికి తోడెందుకు? నీకే ఇంట్లో ఏదో ఒకటి ఉంటే నయమని అలా అన్నా."

"లవోన్, ఇక్కడ బాగాలేదు," అన్నాను.

"హీటర్ పాడైందా?"

"హీటర్ బాగానే ఉంది. నేనే బాగాలేను. నువ్వు వెళ్తుంటే వద్దనలేకపోయాను. నేనూ అక్కడికి రానా?"

అవతల వెనక నుంచి ఆర్డిస్ గొంతు వినబడింది. "అడిగాడా?"

"అడిగాడు," అంది లవోన్.

"హమ్మయ్య. అక్టోబర్ నుంచీ అతనొస్తాడని నువ్వు వేయించిన ఆ రెండో దిండు దులపలేక చస్తున్నా."

అదీ సంగతి. ఆవిణ్ణి కదలనివ్వకూడదని నేను పన్నాగం పన్నితే, చివరికి పెట్టె సర్దుకున్నది నేను. గూడుని షెడ్‌లో పెట్టి వచ్చాను. మెర్లిన్, ఆ చుట్టుపక్కల మందు కొట్టకు. దానికి తోడు అక్కర్లేదట. అయినా అటు వెళ్లినప్పుడు ఒకసారి తలుపు తీసి చూడు.