గుమ్మడికాయ కొట్టిన ధర్నా

ఆ రోజు పొద్దున జయరాజ్ వేసుకున్న ప్లాను చాలా సాదాసీదాది. ఎనిమిదింటికి రెంజల్ రోడ్డు పక్కన ధర్నా టెంటు లేవాలి. తొమ్మిదింటికి రైతులు వచ్చి కూర్చోవాలి. పదకొండింటికి చెరకు ఆఫీసరమ్మ సుకన్య వస్తుంది. రెంజల్‌లో చెరకు తూచే కాంటా పెట్టిస్తానని ఆమె నోటితో అనిపించాలి. అంతే.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పక్క చెరకంతా పక్క జిల్లా ఫ్యాక్టరీకి పోవాల్సి వస్తోంది. తూకం అక్కడే. ట్రాలీ అంత దూరం పోయేసరికి గడలో నీళ్లు ఆరిపోతాయి, రైతుకు రావాల్సిన బరువు రోడ్డు మీదే పోతుంది. ఇక్కడే ఒక కాంటా పెట్టండయ్యా అంటే, "మీ దిక్కు కాంటా పెట్టేంత చెరకు ఎక్కడుంది?" అని ఆ ఫ్యాక్టరీ జవాబు. ఆ జవాబే ఆఫీసరమ్మ ఫైల్లో సర్కారు మాటై కూర్చుంది. జయరాజ్ తల్లి గంగవ్వకు రెండెకరాల చెరకుంది. అప్పుడే పూత పట్టింది. ఇంకో వారం దాటితే రసం ఆరిపోయి అది పొయ్యిలోకే.

జయరాజ్ హైదరాబాద్‌లో పదిహేనేళ్లు నిర్మాత. ఒక సీరియలు, రెండు సినిమాలు తీశాడు. ఆ రెండూ శుక్రవారం వచ్చి సోమవారానికి మాయమయ్యాయి. ఊరికొచ్చి రైతుల జెండా పట్టుకున్నా జనం మాత్రం "సిన్మా జయరాజ్" అనే పిలుస్తారు. రైతుల కమిటీలో పెద్దమనిషి పోశన్న ముందురోజే ముఖం మీద చెప్పేశాడు.

"ఈసారి గూడ ఉత్త ముచ్చటే అయితే, నువ్వు దిగిపో తమ్మీ. గీ యాక్టింగులు మాతోని గాదు."

అందుకే టెంటు పని జయరాజ్ ఎవరికీ వదల్లేదు. నిజామాబాద్‌లో ఉన్న తన పాత ప్రొడక్షన్ మేనేజర్ పాల్ రాజ్‌ను పిలిపించాడు. పాల్ రాజ్ ఎనిమిది మంది యూనిట్‌ను, షామియానాను, మైకును, కుర్చీలను, బగారా అన్నం, దాల్చా వండిన వ్యానును వెంటేసుకొచ్చాడు. సినిమా తప్ప ఆ మనుషులకు ఇంకో లోకం తెలియదు.

"పాల్ రాజ్, ఆకాశం ఊడిపడ్డా టెంటు కదలొద్దు."

"ప్యాకప్ అయ్యేదాక ఇంచు కదలమన్నా. మా సంగతి నీకెరుక లేదా?"

ఆ మాట మీద నమ్మకంతో, పది గంటలకు జయరాజ్ వినతిపత్రం ఇవ్వడానికి మండల ఆఫీసుకు పోయాడు.

అప్పుడే పోశన్న తన కొత్త ట్రాక్టరుకు జెండా కట్టుకుని వచ్చాడు. ర్యాలీకి అదే ముందు నడవాలి. కొత్త బండి, ఇంత జనం, ఎవరి కన్ను ఎట్లా పడుతుందో ఏమో. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, ట్రాక్టరుకు మూడుసార్లు తిప్పి, రోడ్డు మీద ఠపీమని కొట్టాడు.

యూనిట్ మొత్తం అది చూసింది. సినిమా మొదలైతే కొబ్బరికాయ. అంతా అయిపోతే గుమ్మడికాయ. ఇది వాళ్లకు అన్నం తినడమంత మామూలు సంగతి. ఒకడు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఇద్దరు కావలించుకున్నారు. జయరాజ్ అన్న చేతిలో ఒక పని టైముకు ముందే అయిపోవడం చూసి పాల్ రాజ్ కళ్లు తుడుచుకున్నాడు. పావుగంటలో షామియానా దిగింది, కుర్చీలు లారీ ఎక్కాయి, దాల్చాతో సహా వ్యాను వెళ్లిపోయింది.

రైతులు ఎండలో మిగిలారు. ధర్నా టెంటును పెట్టినవాళ్లే చప్పట్లు కొట్టి పీకేస్తే ఏమనుకోవాలి?

"కాంటాకు ఒప్పుకున్నట్టున్నరు," అన్నాడొకడు.

"ఒప్పుకున్నరు," అన్నాడు పక్కవాడు.

ఫోన్లో ఆ మాట పక్కనున్న నవీపేటకు చేరేసరికి "పొద్దుగూకే వరకు కాంటా వస్తదట" అయింది. మహారాష్ట్ర నుంచి కోతకొచ్చిన కూలీలు పది రోజులుగా గుడిసెల్లో ఖాళీగా కూర్చున్నారు. వాళ్లకు ఇంకేం కావాలి, కత్తులు పట్టుకుని చెరకులో దూరారు.

జయరాజ్ తిరిగొచ్చేసరికి ధర్నా ఉండాల్సిన చోట గుమ్మడికాయ ముక్కలున్నాయి. వెంటనే ఫోన్ కలిపాడు.

"పాల్ రాజ్, నా టెంటేది?"

"ప్యాకప్ అయిందిగదన్నా. గుమ్మడికాయ కొట్టిండ్రు, కండ్లార సూసినం. మస్తు జల్ది అయిపోయింది, కంగ్రాట్స్."

దారిలో విన్న కాంటా పుకారు ఎక్కడ పుట్టిందో అప్పుడర్థమై, జయరాజ్ తిట్టడానికి కూడా ఆగలేదు. తల్లికి ఫోన్ చేశాడు.

"అవ్వా, చెరకు ముట్టకు. కాంటా ఏం రాలే."



"గిప్పుడా సెప్పేది? ట్రాలీ నిండింది బిడ్డా. నా కొడుకు గెలిపిచ్చిండని ఊరంత సెప్పుకొచ్చిన."

నిలబడ్డ చెరకు వారం ఆగుతుంది. కోసిన చెరకు గంట గంటకూ ఎండుతుంది. ఆపండని జయరాజ్ ఊరూరికీ ఫోన్లు చేశాడు. "నీకు తెల్వదు, కాంటా వస్తది" అని అందరూ ఆయనకే ధైర్యం చెప్పారు.

పదకొండింటికి రావాల్సిన సుకన్య మూడింటికి వచ్చింది. రావడమంటే, కారు ట్రాలీల నడుమ ఇరుక్కుంటే దిగి కిలోమీటరు నడిచి వచ్చింది. ముందూ చెరకే, వెనకా చెరకే. అసలు సంగతి తెలిసి తిరిగొచ్చిన పాల్ రాజ్ వ్యాను కూడా ఆ వరసలోనే ఇరుక్కుని, అక్కడికక్కడే జనానికి బగారా వడ్డిస్తోంది.

"రాస్తారోకోకు పర్మిషన్ ఎవరిచ్చారండీ?"

"రాస్తారోకో కాదు మేడం," అన్నాడు జయరాజ్ తలవంచుకుని. "వీళ్లు తూకానికొచ్చిండ్రు."

"ఏం తూకం? కాంటా ఎక్కడుంది?"

"నేను గూడ గదే అడుగుతున్న," అంది ట్రాలీ మీద నుంచి గంగవ్వ. "యాడుంది బిడ్డా?"

సుకన్య ఫైలు తెరిచింది. ఈ ప్రాంతంలో తగినంత చెరకు లేదని అందులో ఉంది. ఒకసారి ఫైలు చూసింది. ఒకసారి రోడ్డు చూసింది. ఫైలు మూసేసి ఫ్యాక్టరీకి ఫోన్ కలిపింది.

"మీరు లేదన్న చెరకులోనే నా కారు ఇరుక్కుంది. కాంటా పంపించండి. రేపు కాదు, ఇప్పుడే."

పొద్దు గుంకకముందే లారీలో కాంటా వచ్చింది. మొదటి ట్రాలీ గంగవ్వదే. పోశన్న జయరాజ్ భుజం మీద చెయ్యేసి, "ఏం ఉపాయం పన్నినవ్ తమ్మీ, మాకు గూడ సెప్పకుంట," అని, ఇంకో గుమ్మడికాయ పైకెత్తాడు. జయరాజ్ ఒక్క దూకు దూకి దాన్ని లాక్కున్నాడు.

"నీకు దండం పెడత అన్నా. కొబ్బరికాయ కొట్టు."

ఆ సీజన్లో రెంజల్ కాంటా నూరు రోజులు నడిచింది. జయరాజ్ మొదలుపెట్టిన వాటిలో అన్ని రోజులు ఆడింది అదొక్కటే.