క్షమాపణల శనివారం

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో, పండగ ఇంకా వారం ఉందనగా శనివారం పొద్దున్నే పెట్టెల మేస్త్రి భార్య ఒక ఏర్పాటు చేసింది. మధ్యాహ్నం గుడిలో, గురువుగారి చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఉంది. అక్కడికి వెళ్ళేలోగా ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు క్షమాపణ అడుక్కోవాలి. ప్రతి కుటుంబమూ ఒక చిన్న శ్రీసభ, ఒక చిన్న క్రైస్తవ సంఘం అని ఆదివారం ప్రసంగంలో గురువుగారు అన్న మాట ఆమెను వారమంతా నిలవనీయలేదు. తన చిన్న శ్రీసభను ఎంత వెతికి చూసుకున్నా అత్త వంకలు, తన గిన్నెల చప్పుడు, మొగుడి మౌనం తప్ప ఆమెకు వేరే ఏమీ కనిపించలేదు.

దానికి ఒక నియమం కూడా పెట్టింది. తెలిసో తెలియకో తప్పు చేసుంటే మన్నించండి అనే మాట చెల్లదు. గురువుగారి దగ్గర ఎలా చెబుతారో అలాగే, చేసినదేదో విప్పి చెప్పాలి.

మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. దుకాణంలో పని ఉందన్నాడు.

"మీ పెట్టెలో పడుకునేవాడికి తొందరేమీ ఉండదు. కూర్చోండి," అంది భార్య.

అతను కూర్చున్నాడు. శవపేటికలు చేయడం అతని పని. వాటికి మెరుగు దిద్ది, లోపల గుడ్డ కొట్టడం అతని అన్నయ్య పని. ఇద్దరికీ ఒకే దుకాణంలో తలలు నెరిశాయి. మనిషిని చూడగానే పేరు కన్నా ముందు పొడవు తట్టే కన్ను మేస్త్రిది. ఆ కన్ను ఈమధ్య చేసిన పని ఒకటి అతని గుండెలో ముల్లులా ఉంది. అది పైకి చెప్పేది కాదు.

ముందు మేస్త్రి తల్లి మొదలుపెట్టింది. చిన్నకోడలి కూరలో ఉప్పుండదని పెద్దకోడలి దగ్గర అన్నానంది. అని, ఆ మాట అబద్ధం కాదని కూడా చేర్చింది. కోడలు ఓర్చుకుంది. తన వంతు రాగానే ముసలామె కాళ్ళ దగ్గర మోకరించి, కళ్ళు మూసుకుని చెప్పేసింది.

"అత్తయ్యా, డాక్టరిచ్చిన బీపీ మాత్రలు మీరు వద్దన్నారు కదా. నేను రోజూ నూరి మీ పాలలో కలుపుతున్నాను."

ఆమధ్య ముసలామెకు తల తిరుగుడు తగ్గింది, కాళ్ళ వాపు దిగింది. మరియతల్లికి చేసిన నవదిన ప్రార్థనల వల్లేనని, మందుబిళ్ళ ఒక్కటి ముట్టలేదని అప్పుడే గుడిలో మైకు ముందు నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

"అయితే మరియతల్లి ఏం చేసినట్టే?" అంది ముసలామె.

"నాచేత కలిపించింది అనుకోండి."

"అనుకోవచ్చు. మైకులో అలా చెప్పలేదే నేను."

ఆమె మంచమెక్కి, గోడవైపు తిరిగి, దుప్పటి నిండా కప్పేసుకుంది. ఇక ఈ మొహం ఎవరికీ చూపించనని లోపలినుంచి చెప్పింది.

పాపసంకీర్తనంలో విన్న గురువు చచ్చినా నోరు విప్పడు. భార్య పెట్టిన నియమాల్లో ఆ ఒక్కటీ లేదు. కూర్చున్నాక మేస్త్రి నోరు పెగలడం అదే మొదలు.

"మరి వదిన సంగతి?"

అత్తగారి సాక్ష్యం విన్న రోజునే వదిన, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, లేచి వెళ్ళి తన గుండె మాత్రల పొట్లం మరియతల్లి పాదాల దగ్గర పెట్టి వచ్చింది. ఆనాటినుంచి వీధిలో ఆమెకు పుణ్యాత్మురాలని పేరు. బిడ్డలకు జ్వరమొస్తే తల మీద చెయ్యి పెట్టించుకోవడానికి తీసుకొస్తున్నారు. మనిషి మాత్రం రోజురోజుకూ ఎండుపుల్లవుతోంది. మెడ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కొండనాలుకకు మందు వేయబోతే ఉన్న నాలుక ఊడే పనైంది. అదీ పక్కవాళ్ళ నాలుక.

"ఈస్టరు అయ్యాక చెబుదాం. పండగ పూట నలుగురిలో నా పరువు..." అంది దుప్పటి.

"ఈస్టరు దాకా ఆవిడ ఉండాలిగా," అంది కోడలు. ఆ పాపం మోసుకుని గురువుగారి ముందుకు వెళ్ళనని, వెంటనే బావగారికి చెప్పి రమ్మని మొగుణ్ణి తరిమింది. తను కళ్ళు తుడుచుకుంటూ పెరట్లో బట్టలుతకడానికి పోయింది.

మేస్త్రి దారంతా మాట కూర్చుకున్నాడు. ముందు అమ్మ సంగతి, తర్వాత మాత్రలు, ఆ తర్వాత డాక్టరు దగ్గరకు. దుకాణంలో అడుగుపెట్టేసరికి ఆ కూర్పంతా చెదిరిపోయింది. అన్న గుడ్డ కోసం వెతుకుతూ మూలనున్న పరదా ఎత్తాడు. దాని కింద కోసి, చిత్రిక పట్టి దాచిన టేకు పలకలు ఉన్నాయి.

"ఈ ఆర్డరు ఎవరిదిరా? నాతో చెప్పలేదే," అన్నాడు అన్న. పలక పొడవునా జేన వేసి చూశాడు. పిల్లల పెట్టెకు పెద్దది, పెద్దవాళ్ళ పెట్టెకు చిన్నది. పెద్దవాళ్ళలో అంత పొట్టి మనిషి వాళ్ళెరిగినంతలో ఒక్కతే ఉంది.

వేరే రోజైతే మేస్త్రి ఏదో ఒకటి చెప్పేవాడే. ఇంకాసేపట్లో గురువుగారి ముందు మోకరించాల్సినవాడికి అబద్ధం నోట పలకలేదు.

"వదినకి," అన్నాడు.

"మీ వదిన బతికుందిరా."

"మంచి టేకు దొరికింది అన్నయ్యా. మనవాళ్ళకి వేపచెక్క కొట్టడానికి మనసొప్పలేదు."

ఆ మాట అతను ప్రేమతోనే అన్నాడు. అన్న చెవికి అలా చేరలేదు. దాని వెనకే మాత్రల సంగతి కూడా చెప్పేసరికి, అమ్మ అబద్ధం చెప్పిందనీ, మరదలు దాచిందనీ, తమ్ముడు కొలత తీశాడనీ, ముగ్గురూ కలిసి తన పెళ్ళాన్ని సాగనంపుతున్నారనీ అతనికి అర్థమైంది. ఇక నీ చేత్తో చేసిన పెట్టెకు నేను గుడ్డ కొట్టనన్నాడు. పెద్దపలక భుజానికెత్తుకుని, ఇది అమ్మకే చూపిస్తానని బయలుదేరాడు. మేస్త్రి వెనకాల నడిచాడు. అన్న లేని దుకాణం అతనికి ఊహకందలేదు.

పెట్టెల దుకాణం మనిషి మూతపలక భుజాన వేసుకుని, ఏడుస్తూ తల్లి ఇంటికేసి పోతున్నాడు. వెనక తమ్ముడు తల దించుకుని వస్తున్నాడు. అది చూసిన ఎవరికైనా ఒకటే తోస్తుంది. గుడి మెట్ల మీద కూర్చున్న ఉపదేశి, గురువుగారి సహాయకుడు, ఏమీ అడక్కుండానే లేచి సిలువ గుర్తు వేసుకుని, మరణగంట కొట్టించడానికి లోపలికి పోయాడు.

ఇంట్లోకి అన్న తోసుకొచ్చి నోరు తెరిచాడు. ఎదురుగా మంచం మీద నిండా దుప్పటి. కదలిక లేదు. అప్పుడే గంట మొదలైంది. తెరిచిన నోరు మూసుకుని, అన్న పలకను దించి గోడకు ఆనించాడు. మైకులో చెప్పిన సాక్ష్యం అబద్ధమైన అవమానానికి తల్లి ప్రాణం పోయిందనే మేస్త్రి అనుకున్నాడు. అతని కన్ను తనకు తెలియకుండానే దుప్పటిని తలనుంచి కాలిదాకా ఒకసారి కొలిచింది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వీధి జనం గుమ్మంలో చేరి జపమాలలు తీశారు. గంట విని పరుగెత్తుకొచ్చిన వదిన వాళ్ళను తోసుకుని, మంచం కాళ్ళవైపు కూలబడి ముసలామె పాదాలు పట్టుకుంది.

"అత్తయ్యా, నన్ను మన్నించండి. మీ సాక్ష్యం విని పొట్లం తల్లి దగ్గర పెట్టాను గానీ, ఆ రాత్రే గుండె దడ పుట్టింది. మర్నాడే మళ్ళీ కొనుక్కున్నాను. ఒక్క పూట మానలేదు. మీకున్న విశ్వాసం నాకు లేకపోయింది. అందరూ నన్ను పుణ్యాత్మురాలంటుంటే ముద్ద దిగడం లేదు. మందు మానలేదత్తయ్యా, అన్నం మానేశాను."

జపం చెప్పే గొంతులు ఆగాయి. గంట మాత్రం మోగుతూనే ఉంది. పాదాలు వెచ్చగా ఉన్నాయని వదినకు తెలిసేలోగా దుప్పటి ఒకవైపు పైకి లేచింది.

"నాకు విశ్వాసం ఎక్కడ ఏడ్చింది పిల్లా? నాకు పాలలో కలిపి పోసింది ఆ చిన్నది."

గుమ్మంలో ఒకావిడ జపమాల జారిపడింది. జనంతోపాటు వచ్చిన ఉపదేశి గంట ఆపమని చెప్పడానికి మనిషిని పంపాడు. పెరట్లోనుంచి తడిచేతులతో వచ్చిన చిన్నకోడలు తోటికోడలిని లేపి, ఏమీ మాట్లాడకుండా పళ్ళెంలో అన్నం పెట్టి ముందుంచింది. వదిన అందరి ముందూ తిన్నది. తింటూ, గోడకు ఆనించిన పలకను చూసి అదేమిటంది.

మేస్త్రికి తన వంతు వచ్చిందని అర్థమైంది. ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీకే వదినా. నువ్వు దక్కవనుకున్నాను. మన్నించు."

వదిన ఎడమచేత్తో పలక నున్నదనాన్ని తడిమింది. "ఇన్నేళ్ళ కాపురంలో మీ అన్న నాకు రేకుమంచం తప్ప ఇంకోటి కొనలేదు. టేకు కొనడానికి మరిదివి నువ్వు ఉండబట్టి సరిపోయింది."

అన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుపో నవ్వో వెనకనుంచి తెలియలేదు. ఆ తర్వాత తమ్ముడి రెక్క పట్టి లేపి, పలక అవతలి కొస ఎత్తరా అన్నాడు. ఇద్దరూ ఒకే అడుగుతో దాన్ని దుకాణానికి మోసుకుపోయారు.

మధ్యాహ్నానికి ఆ వీధిలో వాళ్ళ పాపాలు తెలియని మనిషి గురువుగారొక్కరే మిగిలారు; ఆయనకు చెప్పడానికి ఇంటిల్లిపాదీ వరుసలో నిలబడ్డారు.